కె రోడ్డు, పడమటి మైలు

లుమీర్ కోవాండా పొద్దున తొమ్మిదికి నోరు విప్పితే పదింటికి గానీ మూసేవాడు కాదు. ఆ గంటసేపూ లౌరీ కౌంటీలో ట్రాక్టర్లలో, వంటిళ్లలో, ధాన్యం కొట్టు దగ్గర కాఫీ బల్లల మీద రేడియోలన్నీ మా స్టేషన్ మీదే ఉండేవి. నెబ్రాస్కాలో ఈ మూల మనుషులకంటే ఆవులెక్కువ. ఆవులు ఫోన్ చేయవు కాబట్టి సరిపోయింది గానీ, చేస్తే వాటి చేత కూడా కౌంటీ మీద ఏదో ఒకటి అనిపించేవాడు.

నేను మార్జీన్‌ని. స్టూడియో అద్దానికి ఇవతల కూర్చుని మీటలు నొక్కేదీ, ఫోన్లు ఎత్తేదీ, చావు కబుర్లూ పందుల ధరలూ బడిలో ఆ రోజు మధ్యాహ్నం ఏం వండుతారో అదీ చదివేదీ నేనే. పంతొమ్మిదేళ్లు ఆ మనిషి మాటలు విన్నాను. అందులో సగం నాకు గిట్టేవి కావు. ఊళ్లో ఈతకొలను కట్టాలని నేను ఓటేశాను. అతను ఆ కొలనుని మూడు వారాలు రేడియోలో ఉతికి ఆరేశాడు. కొలను రాలేదు. ఆ కోపం నాకింకా ఉంది. ఉన్నా సరే, అతని గురించి రాయాల్సి వస్తే నేనే రాయాలి. అతని మాటలు వినని రోజులు నా జీవితంలో సెలవులు మాత్రమే.

అతను మొదట పందుల రైతు. ధరలు కుప్పకూలిన ఏడాది మందనంతా అమ్మేశాడు. ఆ ఖాళీలో రోజూ మా కార్యక్రమానికి ఫోన్ చేసి కౌంటీ బోర్డుని కడిగేసేవాడు. అప్పటి వ్యాఖ్యాత గుండె ఆగి పోయినప్పుడు, స్టేషన్ యజమాని లుమీర్‌కి కబురు పెట్టాడు. "రోజూ ఫోన్ చేసి మమ్మల్ని చంపే బదులు వచ్చి కుర్చీలో కూచోరాదూ" అన్నాడు. విత్తనాల కంపెనీ టోపీ, చేతిలో పసుపు కాగితాల పుస్తకం, అలాగే వచ్చి కూర్చున్నాడు. తర్వాత టోపీలు మారాయి గానీ మనిషి మారలేదు.

అతనికి ఒకటే సూత్రం. "పక్కింటోడు చెయ్యగలిగిన పని ప్రభుత్వం చెయ్యకూడదు" అనేవాడు. దాన్ని పట్టుకుని కోర్టుకచేరీలో కొత్త తివాచీ ఎందుకన్నాడు, రెండో షెరీఫు బండి ఎందుకన్నాడు, నాలుగు రోడ్ల కూడలిలో గుండ్రంగా తిరిగే దారి ఎందుకు, మనం గొర్రెలమా అన్నాడు. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. పేపర్లో పడే బోర్డు సమావేశాల వివరాలు ఒక్క అక్షరం వదలకుండా చదివి వచ్చేవాడు. గుమాస్తాల పేరెత్తి ఎప్పుడూ తిట్టలేదు. కోర్టు తివాచీ ఎవరో ఉచితంగా ఇచ్చిందని తెలిశాక రేడియోలోనే తప్పయిందని చెప్పాడు. ఆ వెంటనే కిటికీ తెరల మీద పడ్డాడు.

ఫోన్ చేసేవాళ్లకి మా దగ్గర ఒక పద్ధతుంది. పేరు, రోడ్డు. ఇంటిపేరు అడగం, వాళ్లు చెప్పరు. మా రోడ్లకి అక్షరాలే పేర్లు. అందువల్ల జనం ఇక్కడ సగం పేరు, సగం అక్షరం. లుమీర్‌కి రోజూ మొదటి ఫోన్ ఒకరిదే. "ఆర్లిస్. కె రోడ్డు, తూర్పు."

ఆర్లిస్‌కి డెబ్బై ఒకటి. భర్త పోయాక నలభై ఆవుల్ని ఒంటి చేత్తో సాకుతోంది. లుమీర్ కంటే ఐదేళ్లు పెద్ద, లుమీర్ కంటే పది రెట్లు మొండి. అతను రెండో షెరీఫు బండి ఎందుకంటే, ఆమె మొదటిది మాత్రం ఎందుకనేది. కె రోడ్డు హైవేకి అడ్డంగా పోతుంది. తూర్పు మైలు చివర ఆమె ఇల్లు, పడమటి మైలు చివర లుమీర్ ఇల్లు. రెండూ కంకర రోడ్లే. చలికాలంలో రోడ్లు చదును చేసే కౌంటీ బండి, గ్రేడర్, వచ్చి మంచు తోస్తేనే దారి. వాళ్లిద్దరూ చిన్నప్పుడు ఒకే బడి బస్సు ఎక్కినవాళ్లు. అయినా ఒకరింటికి ఒకరు వెళ్లడం నేనెరగను. పోట్లాట, పలకరింపు అంతా నా ఫోన్ తీగ మీదే.

ఒక చలికాలం ముగుస్తుండగా లుమీర్ గ్రేడర్ల మీద పడ్డాడు. మనుషులు లేని రోడ్ల మీద కూడా అవి పనిగట్టుకుని పోతాయనీ, పోయి చేసేదేముందనీ అతని కోపం.

"లెక్క చాలా సులువు. ఉత్తరాల డబ్బాలు లెక్కెట్టండి. మైలుకి రెండు డబ్బాలైనా లేవనుకోండి, ఆ మైలుకి గ్రేడర్ ఎందుకు? ఒక్క కుటుంబం కోసం అంత ఇనుము తోలాలా? వాళ్ల ట్రాక్టరు వాళ్లకి లేదా?" అన్నాడు.

మా వైపు ప్రతి ఇంటి ముందూ రోడ్డు పక్కన కర్ర పాతి రేకు డబ్బా బిగిస్తారు. దాని మీద పేరు. డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టు. ఎవరికీ ఈ లెక్కలో తప్పు కనపడలేదు. నాకూ కనపడలేదు.

అక్టోబరులో గ్రేడర్ తోలే ముసలాయన పని మానేశాడు. ముగ్గురు ఇద్దరయ్యారు. పదకొండు మైళ్లు తగ్గించుకోక తప్పదని బోర్డు తేల్చింది. ఏ పదకొండు అనేదానికి బోర్డు అధ్యక్షుడు గార్లండ్ టీట్ లుమీర్ లెక్కనే తీసుకున్నాడు. గార్లండ్‌ని లుమీర్ రోజూ తిడతాడు, శుక్రవారం చేపల విందులో పక్కనే కూర్చుంటాడు. వెటకారానికి తీసుకున్నాడో, నిజంగా నచ్చే తీసుకున్నాడో గార్లండ్ ఈనాటికీ చెప్పలేదు. కౌంటీ మనిషి ఒకడు బండేసుకుని తిరిగి డబ్బాలు లెక్కపెట్టుకొచ్చాడు. జాబితాలో పడిన రోడ్డు మొదట్లో ఒక పలక తగిలిస్తారు: ఈ రోడ్డు బాగుచేయబడదు, వెళ్తే మీ బాధ్యత. గ్రేడర్ రాదు, టపా బండీ రాదు.

జాబితా లుమీర్ రేడియోలోనే చదివాడు. సంబరంగానే మొదలుపెట్టాడు. ఏడోది "కె రోడ్డు, హైవేకి తూర్పున ఒక మైలు" అని చదివి, ఒక్క క్షణం ఆగి, ఎనిమిదోది చదివాడు. పదకొండూ అయ్యాక నీళ్లు తాగాడు.

మర్నాడు మొదటి ఫోన్ ఎవరిదో చెప్పనక్కర్లేదు.

"ఆర్లిస్. కె రోడ్డు, తూర్పు."

"చెప్పు, ఆర్లిస్."

"నా మైలు జాబితాలో ఉంది."

"చూశా."

"సరైన పనే చేశారని చెబుదామని చేశా. నువ్వు చెప్పావు, నేను ఔనన్నా. నాదాకా వచ్చేసరికి కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఆవులో? మార్చిలో ఈతలు కదా. అడ్డం తిరిగిన దూడ ఒకటుంటే చాలు, పశువుల డాక్టరు బండి రావాలిగా. నీ పాత ట్రాక్టరు..."

"నా ట్రాక్టరు ఊసు నీకెందుకు? ఆవులు నావి, కౌంటీవి కావు. అమ్మెయ్యాల్సొస్తే అమ్మేస్తా. ఎక్కువ మాట్లాడకు, వెనకాల జనం లైన్లో ఉన్నారు." పెట్టేసింది.

లుమీర్ ఏమీ అనలేదు. రేడియోలో మౌనాన్ని మించిన పాపం లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు లెక్కపెట్టి, నేను పందుల ధరలు పెట్టాను.

తర్వాత ఫోన్ల వాన కురిసింది. అందరికీ ఆర్లిస్ మీద జాలే. ఆమెకే లేని బాధ వీళ్లకి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను అనబోయి ఊరుకున్నాను. ఎం రోడ్డు నుంచి ఒకాయన మాత్రం నవ్వుతూ ఉపాయం చెప్పాడు. "ఇంకో డబ్బా పాతుకోమనండయ్యా. కుక్క పేరు రాసుకోమనండి. రెండు డబ్బాలు, అంతేగా! కౌంటీవాడు కుక్కని పిలిచి చూస్తాడేంటి?"

ఆర్లిస్ ఆ రోజు రెండోసారి ఫోన్ చేసింది. ఒకే రోజు రెండుసార్లు చేయడం పంతొమ్మిదేళ్లలో అదే మొదలు.

"లేనోళ్ల పేరున డబ్బా పెట్టి గ్రేడర్ తెప్పించుకునే రకం కాదు నేను. దాన్ని దొంగతనం అంటారు మా ఇంట్లో" అంది.

అద్దం అవతల లుమీర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. మొహంలో రక్తం లేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆర్లిస్‌ని చూసి వద్దామని బయల్దేరాను. హైవే మీద కె రోడ్డు మలుపు దగ్గర ఎందుకో ముందు పడమటికి తిప్పాను. లుమీర్ ఇంటి ముందు రెండు డబ్బాలున్నాయి. ఒకదాని మీద "కోవాండా, ఎల్." రెండోదాని మీద "కోవాండా, ఇ." ఎమిల్. లుమీర్ తమ్ముడు. అదే దొడ్లో చక్రాల మీద ఉండే చిన్న ఇంట్లో ఉండేవాడు, పెళ్లి చేసుకోలేదు, అకార్డియన్ వాయించేవాడు. పోయి నాలుగేళ్లయింది. ఆ చావు కబురు చదివింది నేనే. నేను చదువుతుంటే లుమీర్ అద్దం అవతల కూర్చుని విన్నాడు. తర్వాత మామూలుగా ఫోన్లు తీసుకున్నాడు.

నాకప్పుడు అర్థమైంది. పడమటి మైలుకి రెండు డబ్బాలు. అందుకే జాబితాలో లేదు. చచ్చిపోయినవాడి పేరు మీద గ్రేడర్ వస్తోంది.

ఆర్లిస్ ఇంటికి వెళ్లలేదు. బండి వెనక్కి తిప్పాను. కోపం వచ్చింది నాకు. ఎదుటివాడికి చెప్పేందుకే నీతులా అని దారంతా తిట్టుకున్నాను. మర్నాడు పొద్దున్న స్టేషన్‌లో కాఫీ పోసుకుంటుంటే లుమీర్‌ని అడిగేశాను.

"ఎమిల్ డబ్బా ఇంకా ఉందే?"

"ఉంది."

"తియ్యలేదేం?"

"మొన్న గాలివానకి వంగితే సరిచేశా." కప్పు వైపే చూస్తున్నాడు. "వాడి పేరున విత్తనాల కేటలాగులు ఇంకా వస్తాయి, మార్జీన్. తీసేస్తే అవి ఎక్కడికి పోతాయి?"

నేను చావు కబుర్ల కాగితాలు సర్దుకున్నాను. రాత్రి తిట్టిన తిట్లన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

జాబితా మీద మంగళవారం పదిన్నరకి విచారణ. మా కార్యక్రమం అవగానే తలుపు తాళమేసి నేనూ వెళ్లాను. కోర్టుకచేరీ పైగదిలో, ఆ తివాచీ మీదే, జనం నిలబడి ఉన్నారు. బోర్డులో ఏడుగురు. మాట్లాడాలనుకున్నవాళ్లకి తలా మూడు నిమిషాలు. గుడ్డు ఆకారంలో ఉండే వంటింటి గడియారం ఒకటి గార్లండ్ ముందుంటుంది. దాన్ని తిప్పి పెడతాడు, మోగితే దిగిపోవాలి. ఈ మూడు నిమిషాల నియమాన్ని కూడా లుమీర్ ఒకప్పుడు మెచ్చుకున్నవాడే.

లుమీర్ ఉతికిన చొక్కా వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు. ఆర్లిస్ వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉంది, చేతులు కట్టుకుని.

"పేరు?" అన్నాడు గార్లండ్. నలభై ఏళ్లుగా తెలిసినవాడే అయినా అడగాలి.

"లుమీర్. కె రోడ్డు, పడమర." అలవాటుకొద్దీ ఇంటిపేరు వదిలేశాడు. జనం నవ్వారు. గార్లండ్ గడియారం తిప్పాడు.

"జాబితాలోంచి కె రోడ్డు తూర్పు తీసెయ్యండి. అక్కడ ఒక మనిషి, నలభై ఆవులు. మార్చిలో డాక్టరు బండి పోవాలి."

"నేనడగలేదు!" వెనకనుంచి ఆర్లిస్.

"నీ వంతు వచ్చినప్పుడు మాట్లాడు, ఆర్లిస్."

"నా వంతు నాకొద్దు, గార్లండ్. నా తరఫున మాట్లాడమని అతనికెవరు చెప్పారంటున్నా."

గార్లండ్ కళ్లజోడు తీసి లుమీర్ వైపు చూశాడు. "డబ్బాల లెక్క నీదే కదయ్యా. కావాలంటే టేపు మార్జీన్ దగ్గరుంది."

"నాదే. కాదన్లా."

"తోలేవాళ్లు ఇద్దరే. పదకొండు మైళ్లు తగ్గాలి, పది కాదు. ఒకటి తియ్యమంటే ఇంకోటి నువ్వే చెప్పు. ఎవరి మైలు పెట్టమంటావు?"

రోజూ గంటసేపు ఆగకుండా మాట్లాడే మనిషి టోపీ అంచుని గుండ్రంగా తిప్పుతూ నిలబడ్డాడు. గడియారం టిక్కుటిక్కుమంటోంది. తాను తీసిన గోతిలో తానే పడ్డాడు, అంతవరకు సరే. అందులోంచి లేచొస్తాడా, ఇంకొకర్ని తోస్తాడా అన్నదే నా భయం.

"నాది పెట్టండి" అన్నాడు.

"నీ మైల్లో రెండు డబ్బాలున్నాయని రాశాడే మా వాడు."

"ఒకటి ఎమిల్‌ది."

ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఎమిల్ అంత్యక్రియలకి ఆ గదిలో సగం మంది వచ్చినవాళ్లే.

"తియ్యబుద్ధి కాలేదు. ముందు అంతే. జాబితా చదివిన రోజు మాత్రం తెలిసింది, దాని మూలంగానే నా మైలు తప్పిందని. తెలిసి వారం రోజులు ఊరుకున్నా. ఆర్లిస్ దొంగతనం అంది. సరిగ్గానే అంది. అంతే. అయిపోయింది."

ఒకటిన్నర నిమిషం కూడా కాలేదు. గార్లండ్ గడియారం ఆపలేదు. ఆపడం మర్చిపోయాడో, ఆపకూడదనుకున్నాడో. మేమంతా అలాగే నిలబడి అది మోగేదాకా విన్నాం. మోగాక లుమీర్ వెళ్లి గోడ పక్కన నిలబడ్డాడు. ఆర్లిస్ అతని వైపు చూడలేదు.

ఐదుగురు సరే అన్నారు, ఇద్దరు కాదన్నారు. కాదన్న ఇద్దరిలో ఒకాయన, లుమీర్ అడిగినట్టు ఓటేయడం తన జన్మలో జరగలేదనీ, ఈ వయసులో కొత్తగా నేర్చుకోలేననీ చెప్పాడు.

ఆ మధ్యాహ్నమే లుమీర్ గడ్డపార తీసుకుని రెండు డబ్బాలూ పెళ్లగించాడు. టపా బండి ఇక అతని మైలులోకి రాదు కాబట్టి తన డబ్బాని హైవే మలుపులో పాతుకున్నాడు. ఎమిల్‌ది స్టేషన్‌కి తెచ్చి ముందుగదిలో బల్ల మీద పెట్టాడు. జనం రాసి తెచ్చే ఫిర్యాదులు అందులో వేయమన్నాడు. కేటలాగులు ఇక ఈ చిరునామాకే వస్తున్నాయి. నేనే తీసి లోపల పెడుతున్నాను.

ఆర్లిస్ మర్నాటి నుంచి ఫోన్ చేయడం మానేసింది. మొదటి ఫోన్ ఎవరో ఒకరు చేస్తారు, ఏదో ఒకటి అంటారు. కానీ తొమ్మిది కొట్టగానే లుమీర్ నా వైపు చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. నవంబరు పోయింది, డిసెంబరు పోయింది. అడక్కుండా మేలు చేస్తే కొందరికి దెబ్బ కొట్టినట్టే ఉంటుంది. నాకు ఆమె మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

జనవరి రెండో వారంలో మంచు దంచేసింది. ఎనిమిది యాభై అయినా లుమీర్ లేడు. ఫోన్ చేస్తే ఎత్తడు. అతని మైలులో మోకాలి పైదాకా మంచు పడి ఉంటుంది, అతని పాత పికప్పు కదలదు. నేనే కూర్చుని ఏదో ఒకటి చదువుదామని కాగితాలు వెతుక్కుంటుంటే తలుపు తెరుచుకుంది. లుమీర్. కనుబొమల మీద మంచు, నడుము దాకా తడి. మైలు పొడుగూ నడిచి హైవే మలుపు దాకా వచ్చాడట. అతని వెనకే, చేతిలో బండి తాళాలతో, ఆర్లిస్.

"మలుపులో ఎవరో గడ్డకట్టి నిలబడి ఉంటే ఎక్కించుకొచ్చా" అని నాతో అంది. అతనితో కాదు.

"ఎంతసేపు ఎదురుచూశావు?" అన్నాను.

"నేనెందుకు చూస్తా? అటేపు పనుంటే వచ్చా." ఆ మంచులో ఏ పనో ఆమెకే తెలియాలి. ముందుగదిలో, ఎమిల్ డబ్బా పక్క కుర్చీలో కూర్చుంది.

తొమ్మిదైంది. మంచు పడిన రోజు కౌంటీ పంపే రోడ్ల వివరాలు చదవడం లుమీర్ మొదటి పని. గొంతు మామూలుగానే ఉంది. జె రోడ్డు తెరిచి ఉంది. కె రోడ్డు, తూర్పు మైలు, తెరిచి ఉంది.

"కె రోడ్డు, పడమటి మైలు. మూసి ఉంది. ఫిర్యాదులు లేవు" అని చదివాడు. చివరి రెండు మాటలూ కౌంటీ రాసినవి కావు.

ఫోన్ మోగింది. ఎత్తాను. గొంతు ఫోన్లోనూ వినపడింది, గోడ అవతల నుంచీ వినపడింది. ముందుగది ఫోన్ నుంచి చేస్తోంది. ఎంత దగ్గరున్నా ఫోన్‌లోనే రావాలిగా, అదీ పద్ధతి. కలిపాను.

"ఆర్లిస్. కె రోడ్డు, తూర్పు."

లుమీర్ నా వైపు చూశాడు. "చెప్పు, ఆర్లిస్."

"పడమటి మైలు మీద ఫిర్యాదుంది. అక్కడ మనిషున్నాడు."

"అది నీ మైలు కాదుగా."

"ఆ రోజు నా మైలూ నీది కాదుగా" అంది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. నేను పందుల ధరలు పెట్టాను.